జోలె కుట్టుకోవడం ఎలా: ముందు పేరు, తర్వాత కైంచి

మా బాపు వరంగల్‌లో టైలరు. నేను తెలుగు పంతులునయ్యాను. ఉద్యోగం అయిపోయాక బాపు మెషీన్‌కి నూనె వేసి మళ్లీ తిప్పడం మొదలుపెట్టాను. అందుకే నా దగ్గరికి రెండు రకాల మనుషులు వస్తారు. పద్యాల్లో మాటలకు అర్థాలు అడిగేవాళ్లు కొందరు, "సార్, ఒక జోలా కుట్టియ్యరాదు" అనే కాలేజీ పిల్లలు కొందరు. రెండోవాళ్లను కూడా నేను మొదట మాట దగ్గరే ఆపుతాను. జోలెనా, సంచా, అసిమా? ఏది కావాలి? అన్నీ భుజానికి తగిలించుకునేవేగా అంటారు. తగిలించుకునేవే, కానీ మూతి వేరు. ఆ మూతి ఎవరి చెయ్యి కోసం తెరవాలో తేలకుండా బట్ట మీద సుద్ద పెట్టకూడదు.

జోలె మూతి ఎదుటివాడి కోసం. వెయ్యడానికి వచ్చిన చెయ్యి తడుముకోకుండా వేసెయ్యగలగాలి. అందుకే అది వెడల్పుగా, మూత లేకుండా, ఎప్పుడూ తెరిచే ఉంటుంది. సంచి మూతి సొంతవాడి కోసం. నాడా లాగితే మూసుకోవాలి, వదిలితే తెరుచుకోవాలి. అసిమి అంటే దూరం నడిచేవాళ్లు భుజాన వేసుకునే పొడుగు సంచి. దాని మూతి దారిలో ఎవరికీ కనపడకుండా ఉండాలి. ఈ మూడూ తెలిస్తే కొలతల్లో సగం మనకే తడతాయి.

జోలె అనే మాట

జోలె మనకు ఉత్తరాది నుంచి నడిచొచ్చిన మాట. హిందీలో ఝోలా, ఝోలీ, మరాఠీలో ఝోళీ, గుజరాతీలోనూ అదే. మొదటి అక్షరం చూడండి, ఝ. అచ్చ తెలుగు మాటకు అంత ఒత్తు ఉండదు. మన నోట్లోకి వచ్చేసరికి ఒత్తు రాలిపోయి జోలె అయింది. కన్నడంలో జోళిగె. అక్కడ జంగమయ్య భుజాన ఉండేది జోళిగే. అరవవాళ్లు ఇంకో అడుగు వేసి "జోల్నా పై" అన్నారు. మద్రాసులో పాత్రికేయులూ కవులూ తగిలించుకు తిరిగిన ఖద్దరు సంచికి అదే పేరు.

జోలి వేరు. "నా జోలికి రాకు" అన్నప్పటి జోలి అంటే వ్యవహారం, సంగతి. పసిపిల్లల జోల కూడా వేరు. మూడూ ఒకేలా వినిపిస్తాయని ఒకే చెట్టుకు కట్టెయ్యకండి. మా బడిలో పిల్లలకు ఇదే చెప్పేవాణ్ని: మాట పుట్టుక కావాలంటే చెవిని నమ్మొద్దు, పొరుగు భాషలను అడగండి. ఇప్పుడది ఇంకా సులువు. బ్రౌన్ 1852లో అచ్చు వేసిన తెలుగు నిఘంటువు, బరో, ఎమెనో కలిసి 1961లో తెచ్చిన ద్రావిడ పదాల కోశం, ఉత్తరాది భాషలకు టర్నర్ కోశం, మూడూ షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు నెట్‌లో ఉచితంగానే పెట్టారు. మాట ద్రావిడ కోశంలో ఉంటే దాని చుట్టాలు కన్నడం, తమిళం వైపు ఉన్నట్టు. లేకపోతే టర్నర్ వైపు వెళ్లండి. రెండింట్లోనూ దొరక్కపోతే ఫారసీ, అరబీ తలుపు తట్టండి.

మా తెలంగాణలో ఆ తలుపు బాగా పలుకుతుంది. చొక్కా జేబును మేం కీస అంటాం. అరబీలో కీస్ అంటే సంచి. మరాఠీలో ఖిసా, కన్నడంలో కిసె. ముందు నిజాం రాజ్యంలోనూ, తర్వాత 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనూ తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కలిసే ఉన్నాయి. ఒకే కచేరీ, ఒకే ఉర్దూ. అందుకే ఒకే జేబు. బియ్యం బస్తా కూడా అటునుంచి వచ్చిందే. ఫారసీలో బస్తా అంటే కట్టినది. దానికి ఎదురుగా గోనె ఉంది చూడండి, దాని వంశం చాలా పాతది. పాణిని ఒక సూత్రంలో గోణీ అనే మాటను ధాన్యం పోసుకునే సంచి అనే అర్థంలో సాధించి చూపించాడు. ఆ గోణి మనకు గోనె అయింది, ఇంగ్లీషువాళ్లకు గన్నీ అయింది. గన్నీ బ్యాగు ఇంగ్లీషు మాట అనుకుని వాడేవాళ్లకు ఈ సంగతి చెప్పి వాళ్ల మొహాలు చూడడం నాకో సరదా.

మళ్లీ జోలె దగ్గరికి. "జోలె పట్టడం" అంటే అడుక్కోవడమే కదా అని మొహం చిన్నబుచ్చుకుంటారు కొందరు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు బాధితుల కోసం జోలె పట్టి ఊరూరా తిరిగారు. ఇవాళ్టికీ పత్రికలు ఆ సంగతి రాస్తే అదే మాట వాడతాయి. సంచి పట్టారు అనరు. ఎందుకంటే సంచి మనం నింపుకునేది, జోలె ఎదుటివాళ్లు నింపేది.

కుట్టు లేని జోలె

సూది ముట్టకుండా జోలె చేసుకోవచ్చు. నిజానికి అసలు జోలె ఇదే. కుట్టినవన్నీ దాని తర్వాతవి. ఒక పాత పంచె తీసుకుని చదరంగా చింపండి. పంచె పన్నా, అంటే వెడల్పు, 50 అంగుళాల దగ్గర ఉంటుంది, పొడవు కూడా అంతే ఉంచండి. కైంచి, అంటే కత్తెర, అక్కర్లేదు. అంచు దగ్గర చిన్న గాటు పెట్టి లాగితే పేక, అంటే అడ్డపోగుల, వెంబడి తిన్నగా చిరుగుతుంది.

చదరాన్ని మూలకు మూల కలిపి ముక్కోణంగా మడవండి. ఇప్పుడు పక్కలకు సాగిన రెండు సన్నటి కొసలు ఉంటాయి కదా, ఒక్కో కొస నుంచి జానెడు వదిలి గట్టిగా ముడి వెయ్యండి. తర్వాత మొత్తాన్ని లోపలిది బయటికి తిప్పండి. ముడులు రెండూ లోపలికి పోయి, బట్టకు అడుగు, రెండు పక్కలు వచ్చేస్తాయి. మిగిలిన రెండు కొసలనూ కలిపి ముడేసి భుజానికి తగిలించుకోండి. అంతే. కూరగాయల బజారుకు ఇంతకన్నా మంచిది లేదు. ఇంటికి రాగానే ముడులు విప్పి ఉతికి ఆరేస్తే మళ్లీ పంచే.

భుజం ముడి ఎక్కువగా జారుతుంది. మామూలుగా వేసే రెండు ముడుల్లో రెండోది మొదటిదానికి ఎదురు దిశలో వెయ్యాలి. కుడి కొస ఎడమ మీదుగా పోతే, రెండోసారి ఎడమ కొస కుడి మీదుగా పోవాలి. ఒకే దిశలో వేస్తే బరువు పడగానే విడిపోతుంది. పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లు ఒడి కట్టుకున్నప్పుడు వేసే ముడి చూడండి, రోజంతా ఏరినా కదలదు. వాళ్లకు ఎవరూ దిశలు చెప్పలేదు.

కుట్టిన జోలె

పిల్లలు జోలా అని అడిగేది దీన్ని. ఖద్దరు లాల్చీ మీద, భుజాన పుస్తకాలతో, ఒకప్పుడు సభలన్నిటా కనిపించిన సంచి. ఢిల్లీలో ఝోలావాలా అని ఉద్యమకారులను ఎత్తిపొడవడానికి కూడా ఈ సంచే పనికొచ్చింది. దీని గొప్పతనం ఒక్కటే: భుజం పట్టీ, రెండు పక్కలు, అడుగు, అన్నీ ఒకే పొడుగు పీలిక. పట్టీని సంచికి అతికించే చోటే లేదు, కాబట్టి ఊడే చోటూ లేదు. బజార్లో దొరికే చాలావాటిల్లో పట్టీ విడిగా పైన కుట్టేసి ఉంటుంది. రెండు కేజీల పుస్తకాలు వేసి నెల తిరిగితే ఆ మూల తెగుతుంది. సంచి లాభం చిల్లు కూడదీసిందని సామెత ఊరికే పుట్టలేదు.

బట్ట: మందంగా ఉన్న ఖద్దరు గానీ, చేనేత నూలు గానీ. పొందూరు సన్న ఖద్దరు దీనికి తేవద్దు, అది ఒంటి మీదికి, బరువుకు కాదు. 44 అంగుళాల పన్నాలో రెండున్నర మీటర్లు తీసుకుంటే రెండు సంచులు వస్తాయి. ఒక్కటే కుట్టినా అంతే పొడవు కావాలి, ఎందుకంటే పీలిక పొడుగు. కనుక రెండు కుట్టండి, ఒకటి ఎవరికైనా ఇవ్వండి.

రాత్రి నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చెయ్యండి. చేనేత నూలు మొదటి తడిలో దగ్గరకు వస్తుంది. కుట్టాక వస్తే పక్క ఒకలా, పీలిక ఒకలా లాగి సంచి మూతి వంకరపోతుంది. "నీళ్లల్ల ఏసి తీసినాకనే కైంచి పట్టు" అనేవాడు బాపు. పెళ్లి బట్టలు కుట్టేటప్పుడు కూడా ఆ మాట తప్పలేదు. ఆలస్యమైందని గిరాకీ అరిచినా వినేవాడు కాదు.

కొలతలు ఒక్క సంచికి చెప్తాను. తయారయ్యాక మూతి 14 అంగుళాలు, లోతు 16, పక్కల మందం 4. ఇందులో రెండు తెలుగు పుస్తకాలు పక్కపక్కన పడతాయి, ఫైలు కూడా పడుతుంది.

ముందు ముక్క, వెనక ముక్క: ఒక్కోటి 15 అడ్డం, 17న్నర నిలువు. అడ్డంలో చెరో పక్క అర అంగుళం కుట్టుకు. నిలువులో అడుగున అర, పైన మూతి మడతకు ఒకటి.

పీలిక: 5 వెడల్పు, 87 పొడవు, ఇలాంటివి రెండు. లెక్క ఎలాగంటారా? ఒక పక్క 16, అడుగు 14, రెండో పక్క 16, భుజం మీదుగా 40. మొత్తం 86. అతుకుకు ఒక అంగుళం. 40 అన్నది ఒక భుజానికే వేసుకునేవాళ్లకు. అడ్డంగా మెడ మీదుగా వేసుకోవాలంటే 50 దాకా కావాలి. అప్పుడు రెండున్నర మీటర్లు బొటాబొటిగా సరిపోతాయి, తడిసి కుదిస్తే సరిపోవు, ఇంకో పావు మీటరు ఎక్కువ తీసుకోండి. మీ కొలత మీరే చూసుకోండి: దారం ఒక కొస నడుము దగ్గర పట్టుకుని, భుజం మీదుగా తీసుకెళ్లి వెనక నడుము దాకా వదలండి.

పీలికలు నాలుగూ తప్పనిసరిగా అంచు వెంబడి, అంటే పడుగు (నిలువు పోగుల) దిశలోనే కత్తిరించండి. మగ్గం మీద బిగుతుగా లాగి ఉంచేది పడుగు పోగులనే, గంజి పెట్టేదీ వాటికే. బరువు పడితే పడుగు సాగదు, పేక సాగుతుంది. అడ్డంగా కత్తిరించిన పట్టీ ఆరు నెలల్లో మోకాలి దాకా దిగుతుంది. రెండు సంచులకు నాలుగు పీలికలు పోను 20 అంగుళాల పన్నా పోతుంది. మిగిలిన వెడల్పులో నాలుగు ముక్కలు ఒకదాని కింద ఒకటి పడతాయి. పక్కన మిగిలిన సన్న ముక్క లోపలి జేబుకు.

ఇక కుట్టు. ముందు మూతులు: రెండు ముక్కల పైఅంచునూ అర అంగుళం, మళ్లీ అర అంగుళం లోపలికి మడిచి కుట్టండి. లోపలి జేబు కావాలంటే ఇప్పుడే వెనక ముక్కకు కుట్టెయ్యాలి. తర్వాత చెయ్యి పట్టదు. నేనైతే జేబు కాస్త కిందికి, మూతి నుంచి నాలుగు వేళ్ల లోతులో పెడతాను. జోలె తెరిచి ఉండేదని చెప్పాను కదా, బస్సులో నిలబడ్డప్పుడు పర్సు పైకి కనపడొద్దు.

తర్వాత పీలికలు. రెండింటినీ వెనక వైపులు ఎదురెదురుగా పెట్టి కచ్చా కుట్టు, అంటే తాత్కాలికంగా పట్టి ఉంచే దూరం కుట్టు, వెయ్యండి. ఇకనుంచి ఆ రెండూ ఒక్క బట్టే. రెండు కొసలనూ కలిపి కుట్టి చుట్టుగా చెయ్యాలి. కలిపే ముందు ఒకసారి పీలిక మొత్తం చేత్తో జారవిడుస్తూ చూడండి, ఎక్కడా మెలిక ఉండకూడదు. మెలికతో కుడితే పట్టీ జీవితాంతం భుజం మీద తిరగబడుతూనే ఉంటుంది. ఈ అతుకు సంచి అడుగున మధ్యకు రావాలి. అతుకు భుజం మీద పెట్టడం కొందరికి అలవాటు. అక్కడే బరువంతా ఉంటుంది, అక్కడే గుచ్చుకుంటుంది కూడా.

ముక్క అడుగున మధ్య గుర్తు పెట్టి, అతుకుకు సరిగ్గా కలిపి గుండుసూది గుచ్చండి. కుట్టు అక్కణ్నుంచే మొదలుపెట్టాలి. మధ్య నుంచి కుడి మూలకు, మూల తిరిగి పైకి మూతి దాకా. మళ్లీ మధ్య నుంచి ఎడమకు అలాగే. ఒక పక్క మూతి నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరిగి రెండో పక్కకు వస్తే కొస దగ్గర అర అంగుళం తేడా వస్తుంది. మెషీన్ పళ్లు కింది బట్టను ఎక్కువ లాగుతాయి.

మూల దగ్గర తొందరపడొద్దు. ముక్క అంచుకు అర అంగుళం ఉండగా ఆగి, సూది బట్టలోనే దించి ఉంచి, పాదం ఎత్తండి. పీలిక అంచులో మాత్రం, సూది దగ్గరదాకా, కుట్టును తాకకుండా చిన్న గాటు పెట్టండి. ఇప్పుడు పీలిక తెరుచుకుని మూల తిరుగుతుంది. బట్ట తిప్పి, పాదం దించి, ముందుకు. గాటు పెట్టకపోతే మూలలో ముడత పడుతుంది, సంచి కింద చెవులు మొలిచినట్టుంటుంది. రెండో ముక్క కూడా ఇలాగే.

లోపలి అంచుల పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ చేయించుకోవచ్చు. ఆ మెషీన్ లేనివాళ్లు అర అంగుళంలో పీలిక వైపు అంచును కొంచెం తగ్గించి కత్తిరించి, ముక్క అంచును దాని మీదికి మడిచి ఇంకో కుట్టు వేస్తే సరి. బాపు కాలంలో ఓవర్‌లాక్ ఎక్కడిది? చొక్కాలన్నీ అలాగే కుట్టేవాడు.

చివరికి భుజం మీది భాగం. అక్కడ పీలికలు ఇంకా పచ్చి అంచులతోనే ఉన్నాయి. రెండు పొరల అంచులనూ అర అంగుళం లోపలికి, ఒకదానికొకటి ఎదురుగా మడిచి, అంచుకు దగ్గరగా కుట్టండి. రెండు వైపులా. మధ్యలో పొడుగునా ఇంకో రెండు కుట్లు వేస్తే పొరలు జారవు. మూతి దగ్గర, పక్క అయిపోయి పట్టీ మొదలయ్యే చోట, చిన్న చదరం కుట్టి దానిలో అడ్డంగా రెండు గీతలు. అక్కడ మూడు నాలుగు పొరలు ఉంటాయి, చక్రం చేత్తో తిప్పుకుంటూ కుట్టండి. మామూలు ఖద్దరుకు 14 నంబరు సూది, మందం బట్టకు 16. కుట్టు పొడవు కొంచెం పెంచండి, మరీ దగ్గర కుట్లు పడితే మందం బట్ట కుట్టు గీత వెంబడే చిరుగుతుంది.

మూతికి గుండీ పెట్టమని అడుగుతారు. నేను పెట్టను. గుండీ పెట్టాక అది జోలె కాదు. మూత కావాలంటే సంచి కుట్టుకోండి.

సంచి

సంచి ఇప్పుడు అన్నిటికీ ఉమ్మడి మాట అయిపోయింది. కన్నడంలో మాత్రం సంచి అంటే ముందుగా తట్టేది ఆకువక్కల సంచి. మైసూరు చిక్కదేవరాయల కొలువులో 17వ శతాబ్దంలో ఒక కవయిత్రి ఉండేది. రాణికి ఆకువక్కల సంచి అందించే పని ఆమెది, అందుకే సంచి హొన్నమ్మ అని పేరు నిలిచింది. మరాఠీలో దాన్నే చంచీ అంటారు.

మా నాయనమ్మ బొడ్లో ఉండే సంచి అచ్చం ఆ జాతే. ఒక అరలో ఆకులు, ఒక అరలో వక్కలు, ఒక దాంట్లో సున్నం డబ్బీ, ఇంకో దాంట్లో మాకు తెలియదనుకునే చిల్లర. కుట్టు పెద్ద పని కాదు. ఎనిమిది అంగుళాల వెడల్పు, పది లోతు ఉండేట్టు రెండు ముక్కలు మూడు పక్కలా కుట్టి, పైన వేలు పట్టేంత మడత పెట్టండి. పక్క కుట్లు మడత దాకా వచ్చి ఆగాలి, మడతకు రెండు పక్కలా కన్నాలు ఉండాలి. నాడా ఒక్కటి కాదు, రెండు. ఒకటి కుడి కన్నంలో దూరి చుట్టూ తిరిగి కుడి కన్నంలోంచే బయటికి రావాలి, రెండోది ఎడమ నుంచి అలాగే. రెండూ ఒకేసారి చెరోవైపు లాగితే మూతి ఒక్క గుంజుకు మూసుకుంటుంది. ఒకే నాడా ఉన్న సంచి లాగిన వైపే ముడుచుకుని రెండో వైపు నోరు తెరుచుకునే ఉంటుంది. తోలుతో చేస్తే ఇదే తిత్తి. కమ్మరి కొలిమితిత్తి, మన ఊపిరితిత్తులు అన్నీ ఆ ఇంటివే.

అసిమి

ఈ మాట ఇప్పటి పిల్లలకు తెలియదు, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. తెలుగులో అసిమి, కన్నడంలో హసిబె, తమిళంలో అసంబై. ముగ్గురూ ఒకింటివాళ్లే. సంతకు పోయే బేరగాళ్లు, దూరం నడిచే రైతులు భుజాన వేసుకునే పొడుగు సంచి. రెండు కొసలూ మూసి ఉంటాయి, మూతి నడుమ ఉంటుంది. ఒక కొస ఛాతీ మీదికి, ఒక కొస వీపు మీదికి వేలాడతాయి. మూతి భుజం కింద నలిగి ఉంటుంది, దొంగ చెయ్యి పెట్టాలంటే ముందు మిమ్మల్ని లేపాలి. రెండు వైపులా బరువు పంచుకోవడం వల్ల ఒక పక్కకు ఒరగరు. అయ్యప్ప స్వాములు ఎత్తుకునే ఇరుముడి కూడా రెండు వైపుల సంచే, కాకపోతే తల మీద. ఇరు అంటే రెండు. ముందు వైపు నెయ్యి కొబ్బరికాయ, పూజ సామాను. వెనక వైపు స్వామి సొంత తిండి.

కుట్టడం నిమిషాల పని. 60 అంగుళాల పొడవు, 22 వెడల్పు ఉన్న బట్టను పొడవునా సగానికి మడవండి, లోపలి వైపు బయటికి ఉండాలి. రెండు కొసలూ కుట్టండి. పొడుగు పక్క కుట్టేటప్పుడు మధ్యలో 14 అంగుళాలు వదిలెయ్యండి. వదిలిన మూతి అంచులు మడిచి కుట్టి, మూతికి అటూ ఇటూ కుట్టు ఆగే చోట మూడు నాలుగు సార్లు వెనక్కి ముందుకీ కుట్టు గట్టి చెయ్యండి. ఆ రెండు చోట్లే మొదట చిరుగుతాయి. మూతిలోంచి మొత్తాన్ని బయటికి తిప్పండి. సామాను రెండు వైపులా వేసి, భుజాన వేసుకునే ముందు నడుమ దగ్గర ఒక్క మెలి తిప్పితే మూతి తాళం పడ్డట్టే. ఫోను, తువ్వాలు, నీళ్ల సీసా ముందు వైపు, పుస్తకాలు వెనక. రైల్లో పడుకుంటే ఇదే దిండు.

బట్ట గురించి ఇంకొక్క మాట. వరంగల్ కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటినుంచి వాటితో సంచులు కుట్టమనేవాళ్లు ఎక్కువయ్యారు. అసిమికి జంపఖానా అసలు పనికిరాదు, మెలి పడదు. సంచికి నాడా లాగితే ముడుచుకోదు. జోలెకు బాగుంటుంది, కానీ ముందు వెనక ముక్కలకు మాత్రమే. పీలిక కూడా జంపఖానాతోనే పెడితే మూల తిరగదు, భుజం మీద గీరుకుంటుంది. పీలిక మందం ఖద్దరుతో, ముక్కలు జంపఖానాతో చెయ్యండి. జంపఖానా కత్తిరించిన వెంటనే పేక ఊడడం మొదలుపెడుతుంది, కాబట్టి కత్తిరించే గీతకు లోపల ముందే ఒక కుట్టు వేసి ఆ తర్వాత కైంచి పెట్టండి. మూతి రెండుసార్లు మడవొద్దు, ఖద్దరు పట్టీతో అంచు కట్టండి. సూది 18 నంబరు కావాలి. నా దగ్గరికి జంపఖానా తెచ్చేవాళ్లు సూదులు కూడా తెచ్చుకోండి, మూలల దగ్గర విరుగుతాయి.